రేకు డబ్బా కింద అడుగు

రఫా దగ్గర, నీళ్ళ గొట్టం డేరాలు,
రంజాన్ ఇరవై ఆరో ఒక్కపొద్దు, సాయంత్రపు అసర్ నమాజు వేళ.

మన ఖలఫ్ తల్లీ, మా మేనమామ కూతురూ అయిన హమ్దాకు ముసల్లం సలాములు చెప్పి రాసేది. ఇక్కడ నేనూ నా ఒంటే క్షేమం. అరీష్‌లో అమ్మా, నువ్వూ, ఖలఫూ, రెండు మేకలూ అల్లా దయవల్ల కులాసాగా ఉన్నారని తలుస్తాను. నువ్వు కూడబలుక్కుని చదువుతావని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఇసుకలో వేలితో రాసి నేర్పిన చదువు గదా, కాగితం మీద చూసి బెదరకు. ఈ మొదటి కాగితం అమ్మ పక్కన కూర్చుని గట్టిగా చదువు.

ఇంగ్లీషువాళ్ళు నాకు నిక్కరు తొడిగించారని బావి దగ్గర ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారని రాశావు. ఒంటె దొంగ కూతురా, నీకు ఇలాంటి కబుర్లు ఎవరు మోస్తారే? నువ్వు పంపిన పొడుగు అంగీయే తొడుక్కుంటున్నాను. అంచు చిరగకుండా రెండు వరసలు కుట్టావే, ఆ కుట్టు చూసి మా జాడగాళ్ళలో పెద్దవాడు ముతైర్ తాత, "నీ పెళ్ళాం అంగీ కుట్టిందా, డేరా కుట్టిందా?" అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అంతవరకే. మరుసటి రోజే ఎవరో చుట్టాలు పోయారని కబురొస్తే పరామర్శకి అరీష్ వచ్చాడు. మన గుడిసె వైపు వచ్చి ఉంటాడు.

నా పని ఏమిటో అమ్మకి ఇంకా బోధపడలేదని రాశావు. ఏముంది, నాన్న చేసిన పనే. తెల్లారగానే గొట్టం వెంట నా వంతు దూరం ఒంటె మీద పోయి, రాత్రి దాని దగ్గరికి ఎవరైనా వచ్చారేమో ఇసుక చూసి చెప్పాలి. నైలు నీళ్ళు ఎన్నో రోజుల దారి దాటి ఆ గొట్టంలో వస్తున్నాయి. అవి ఆగితే గాజా ముందు కూర్చున్న ఇంగ్లీషు దండుకి గుక్కెడు దొరకదు. అందుకని తుర్కుల కన్నంతా దాని మీదే. ఒంటెల దొంగల్ని పట్టే విద్య ఇలా గొట్టానికి కాపలా అయింది.

అమ్మ కళ్ళకి ఇక్కడి వైద్యుడు ఇచ్చిన చుక్కల మందు పంపుతున్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మండుతుందని తిడుతుంది, తిట్టనీ. పండక్కి మేకను కొయ్యవద్దు, పాలకుంటుంది. నేను పండక్కి రాలేను.

ఇక అమ్మ ప్రతి ఉత్తరంలోనూ అడిగేది, సువైలిమ్ జాడ ఏమైనా తెలిసిందా అని. తుర్కులు ఒంటెలతో సహా తమ్ముణ్ణి తోలుకుపోయి రెండేళ్ళు దాటింది. బీర్‌సబాలో తుర్కుల దండులో ఉన్నాడని ఒకరంటారు, కాలవ దగ్గరి కొట్లాటలోనే పోయాడని ఒకరంటారు. నాకేమీ తెలియలేదు. తెలిస్తే రాయనా? దిగులు పెట్టుకోవద్దని చెప్పు. అమ్మకి ఇంతవరకే చదువు.

హమ్దా, ఇది రెండో కాగితం. ఖలఫ్‌ని మేకల దగ్గరికి పంపి, అమ్మ పగటి కునుకు తీసేటప్పుడు చదువు. చదివి పొయ్యిలో పెట్టు.

నాకు భయంగా ఉంది. మగవాడు పెళ్ళానికి రాయవలసిన మాట కాదని తెలుసు. పొద్దుగూకగానే అందరూ ఖర్జూరం నోట్లో వేసుకుంటారు, నాది చేతిలోనే ఉండిపోతుంది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడుతున్నాను. నమాజులో ఎన్నిసార్లు వంగానో లెక్క తప్పుతున్నాను.

నాలుగు రోజుల కిందట తెల్లవారుతుండగా ఎర్రదిబ్బ దాటి వస్తున్నాను. ఒంటె ముక్కెత్తింది. నీళ్ళ వాసన. గొట్టం అతుకు దగ్గర బిగింపు ఊడదీసి ఉంది, నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోతున్నాయి. దిగాను. నా ఎదురుగా ఒక అడుగు.

ఎవరిదో నీకు చెప్పాలా? కుడికాలు. చిటికెనవేలు పక్క వేలి మీదెక్కి ఉంది, మడమ బయటివైపు దిగబడి ఉంది. చిన్నప్పుడు తిరగలి రాయి దొర్లించి ఆ వేలు విరగ్గొట్టింది నేనే. ఆ రోజు అమ్మ నన్ను గరిటెతో కొట్టింది గుర్తుందా, నువ్వు డేరా గుడ్డ చాటు నుంచి చూసి నవ్వావు. ఆ అడుగు నేను ఇసుకలోనే కాదు, పిండిలో చూసినా పోలుస్తాను.

బతికున్నాడని సంతోషం కలగలేదు హమ్దా. ముందు భయమే వచ్చింది. గొట్టం ముట్టుకున్నవాడికి ఉరి అని ఇక్కడ అరబ్బీలో రాసి అంటించారు. నా చేతులు నా మాట వినలేదు. మోకాళ్ళ మీద పడి అంగీ అంచుతో ఊడవడం మొదలుపెట్టాను. దిబ్బ దగ్గర నుంచి గొట్టం దాకా పది అడుగులున్నాయి, పదీ చెరిపాను. పదకొండోది గొట్టానికి అవతల, తడి ఇసుకలో ఉంది. దాన్ని చూసేసరికే గుర్రం డెక్కల చప్పుడు.

వచ్చింది ఇంగ్లీషు కెప్టెన్. వెనకాల గాడిద మీద దుబాసీ హబీబ్ ఎఫెండి. ఈ కెప్టెన్ కుర్రవాడే గానీ చురుకైనవాడు. మన పద్ధతులన్నీ ముతైర్ తాతని అడిగి నేర్చుకున్నాడు. దొంగ అడుగు మీద గిన్నె బోర్లించి, సాక్షులు వచ్చేదాకా కాపాడతామే, అది కూడా. దిగీ దిగగానే ఆ పదకొండో అడుగు చూశాడు. జీను సంచిలోంచి బిస్కెట్ల రేకు డబ్బా తీసి, బిస్కెట్లు హబీబ్ ఒళ్ళో కుమ్మరించి, డబ్బా దాని మీద బోర్లించాడు. బోర్లించి నా వైపు చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు, బాగా నేర్చుకున్నాను కదా అన్నట్టు. ముతైర్ వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదని ఒక సిపాయిని కాపలా పెట్టాడు.

అప్పటికే పక్క పుచ్చతోట సబీత్, నీళ్ళు కారుతున్నాయని చూసి రెండు కడవలతో వచ్చి నిలబడ్డాడు. వాడి అడుగులు తడి ఇసుక నిండా ఉన్నాయి. "ఇవి ఎవరివో దొర అడుగుతున్నాడు" అన్నాడు హబీబ్.

"సబీత్‌వి" అన్నాను.

"డబ్బా కిందది కాక ఇంకెవరివైనా ఉన్నాయా?"

"కనపడటం లేదు" అన్నాను. అది అబద్ధం కూడా కాదు చూడు, నేనే చెరిపాను కదా. అంతకంటే పాపపు మాట నా జన్మలో అనలేదు.

డబ్బా కిందది కూడా వాడిదే అనుకుని సబీత్‌ని అక్కడే పట్టుకున్నారు. కడవలు పగిలిపోయాయి. "ఒరే ముసల్లం, నా కాలు నీకు తెలుసు గదరా. నే వచ్చింది తెల్లారాక అని నీకు కనపడట్లేదా? చెప్పరా వాళ్ళకి" అని వాడు అరుస్తూనే ఉన్నాడు. నిజమే, కనపడుతోంది. రాత్రి పురుగులు పాకిన గీతల మీద వాడి అడుగులు పడ్డాయి. ఆ గీతలు వాడి అడుగుల మీద లేవు. నీ మీద ఒట్టు, నోరు తెరిచాను. మాట రాలేదు. హబీబ్ బిస్కెట్లు ఏరుకుంటూ, "ఏంటయ్యా, జాడగాడికి నాలుక కూడా ఇసకలోనే పారేసుకున్నావా?" అన్నాడు.

నువ్వు ఇప్పుడు ఏమనుకుంటున్నావో నాకు తెలుసు. మా నాన్న నీ తండ్రి కాలిజాడ చూసి, న్యాయగాడి డేరాలో పదిమంది ముందు, "ఒంటెను తోలుకుపోయింది నా బావమరిదే" అని చెప్పాడు. తప్పు కింద నాలుగు ఒంటెలు పోయాయి మీకు. ఆరేళ్ళు మా అమ్మ పుట్టింటి గడప తొక్కలేదు. పండగలకి నువ్వు పాత గుడ్డలే కట్టుకున్నావు. మన పెళ్ళితో గానీ ఆ పగ చల్లారలేదు. నేను నిన్ను ఒంటె దొంగ కూతురా అని ఏడిపించినప్పుడల్లా నువ్వు, "మీ నాన్న నిజమే చెప్పాడు, అందుకే పడుతున్నాను" అంటావు. మా నాన్న మీ నాన్న కోసం చెప్పని అబద్ధం నేను నా తమ్ముడి కోసం చెప్పాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. చించుకోకపోయినా పడింది, అది కూడా సబీత్ కాళ్ళ మీద.

మర్నాడు సబీత్ భార్య వచ్చింది. తలమీద పెద్ద పుచ్చకాయ. నా డేరా ముందు దించి, "అన్నా, ఒక్కపొద్దు విడిచేటప్పుడు కోసుకో. ఆయన్ని ముళ్ళతీగ దొడ్లో పెట్టారు. జాడగాడి మాట చాలట వదలడానికి. నువ్వున్నావు గనక నాకు భయం లేదు" అంది. ఏడవలేదు కూడా. ఆ కాయ ఇంకా ఇక్కడే ఉంది. కొయ్యలేదు. ఎండకి ఒక పక్క మెత్తబడుతోంది.

ఆ మూడు రోజులూ గాలి కోసం దేవుణ్ణి వేడుకున్నాను. నేను ఊడ్చిన చోటైనా సర్దుకుంటుందని. సముద్రం మీద నుంచి రోజూ వచ్చేది, పగబట్టినట్టు ఆగిపోయింది. డేరా తాడు కూడా కదల్లేదు. డబ్బా ఎండలో తళతళలాడుతూ ఎంత దూరం పోయినా కనపడేది.

ముతైర్ తాత ఈ రోజు పొద్దున వచ్చాడు. కెప్టెన్, హబీబ్, నేనూ ఆయన వెనకాల. ఆయన డబ్బా ముందు చతికిలబడి, దాన్ని రెండు చేతులతో, రొట్టె మూకుడు దించినట్టు మెల్లగా తీశాడు. తాత చాలాసేపు చూశాడు. నడుముకున్న తాడు తీసి పొడవూ వెడల్పూ కొలిచి ముడులు వేశాడు. తర్వాత అడుగును వదిలేసి నేను ఊడ్చిన మేర చూశాడు. తర్వాత నా అంగీ అంచు చూశాడు.

"పెద్దాయనా, దొర అడుగుతున్నాడు. సబీత్ కాలేనా?" అన్నాడు హబీబ్.

"కాదని చెప్పు. సబీత్‌ది పలక కాలు. ఇది వేలు మీదెక్కిన కాలు."

"మరెవరిదట?"

"పండగ మూడో రోజు చెబుతాం. ఒక్కపొద్దు నోటితో మనిషిని చంపే మాట చెప్పను."

కెప్టెన్ ముఖం ఎర్రబడింది. ఏదో గట్టిగానే అన్నాడు. హబీబ్ అందులో సగం మింగేసి, "సరే అంటున్నాడు. కానీ అప్పటిదాకా పుచ్చకాయలవాణ్ణి వదలడట" అన్నాడు. ముతైర్ తాత మాట ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు, అందుకే ఒప్పుకున్నాడు. "చెబుతా" అనకుండా "చెబుతాం" అన్నాడని నేను తప్ప ఎవరూ గమనించలేదు.

వాళ్ళు వెళ్ళాక తాత నన్ను పిలిచాడు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"లేవరా. ఇక్కడ నీ మోకాళ్ళు ఇప్పటికే ఒకసారి దిగాయి. నమాజుకి కూడా ఇంత బరువుగా వంగవు నువ్వు" అన్నాడు. "ఈ రెండు గీతలు చూశావా? నీ పెళ్ళాం కుట్టు. దొంగతనం చేసేవాడికి ఇంత మంచి కుట్టు పనికిరాదు."

"తాతా, వాడు నా తమ్ముడు."

"నాకు తెలీదా? తిరగలి రాయి పడ్డప్పుడు ఆ వేలికి కట్టు కట్టింది ఎవరనుకున్నావు? సరిగ్గా అతకలేదు, నా తప్పే." తాడు ముడులు విప్పకుండానే నడుముకి చుట్టుకున్నాడు. "చూడు. నేను చెబితే వాడి పేరొక్కటే బయటికొస్తుంది. చెరిపినవాడి పేరు నేనెత్తను. నువ్వే చెబితే రెండు పేర్లూ వస్తాయి. ఎవరు చెప్పాలో నువ్వే తేల్చుకో. సబీత్ మాత్రం ఇంటికి పోవాలి."

ఆయన లేచి, "ఇంకో సంగతి. నువ్వు సగమే చదివావురా. భయపడ్డవాడు ఎప్పుడూ సగమే చదువుతాడు. రా" అని దిబ్బ వెనక్కి తీసుకుపోయాడు.

నేను అటు పోనేలేదు హమ్దా. ఆ రోజూ పోలేదు, తర్వాతా పోలేదు. దిబ్బ వెనక నలుగురి జోళ్ళ గుర్తులున్నాయి, మేకులు కొట్టిన తుర్కు జోళ్ళు. నలుగురివీ. దిబ్బ మొదట్లో ఒకడు కూర్చున్న గుంట ఉంది. పక్కన రెండు జోళ్ళు పెట్టిన గుర్తు. అక్కడి నుంచి ఆ ఒక్కడే ఉత్త కాళ్ళతో నడిచాడు, దాపరికం లేకుండా మెత్తటి చదును చూసుకుని, ఒక్కొక్క అడుగే నొక్కి పెట్టి. పని అయ్యాక గొట్టం మీదే నడిచి, గట్టి నేల మీదుగా జోళ్ళ దగ్గరికి వచ్చాడు; తిరిగిపోయేటప్పుడు మళ్ళీ నలుగురూ జోళ్ళతోనే పోయారు.

"దొంగపనికి వచ్చేవాడు జోళ్ళు తొడుక్కుంటాడు. వీడు విప్పాడు. ఎందుకంటావు?" అన్నాడు తాత.

అప్పుడు తెలిసింది నాకు. ఈ గొట్టం చూసే జాడగాడు ముసల్లం అని బీర్‌సబా దాకా అందరికీ తెలుసు. పొద్దున్నే మొదట ఆ ఇసుక మీదికి వచ్చేది నేనేనని వాడికీ తెలుసు. డబ్బా సంగతి వాడికేం తెలుసు? వాడికి రాయడం రాదు గదా హమ్దా. రెండేళ్ళ తర్వాత అమ్మకి ఒక ఉత్తరం రాశాడు. పదకొండు అడుగులు. చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను దాన్ని అంగీ అంచుతో ఊడ్చేశాను.

అక్కడే కూర్చుని ఏడ్చాను. తాత అటు తిరిగి నిలబడ్డాడు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. పండగ మూడో రోజు పొద్దున కెప్టెన్ ముందు నేనే చెబుతాను. ఆ కాలు నా తమ్ముడిదనీ, చెరిపింది నేనేననీ, సబీత్ నీళ్ళకి వచ్చాడనీ. నన్నేం చేస్తారో తెలియదు. దొడ్లో పెడతారో, ఇంకేమైనానో. హబీబ్ మాటల్ని బట్టి చూస్తే మంచిది మాత్రం జరగదు. నాకు చాలా భయంగా ఉంది. కానీ ఆ గడువు దాటి ఆ పుచ్చకాయ వైపు చూడటం నావల్ల కాదు. అందరికంటే ముందు నీకు చెప్పుకోవలసిన బాకీ ఉందని ఇది రాశాను. మీ నాన్నకు నా సలాములు చెప్పు. ఆయన ముఖం ఎలా చూడాలో నాకు తెలియడం లేదు.

మీ అన్న ఫర్రాజ్ ఉప్పు బస్తాలతో బీర్‌సబా వైపుకి పోతూనే ఉంటాడు. ఈ ఉత్తరం అందిన రోజే బయల్దేరమను, నేను కెప్టెన్‌తో చెప్పేలోపు కబురు చేరాలి. సువైలిమ్‌కి రెండే మాటలు చెప్పాలి. "ఉత్తరం అందింది. ఇక గొట్టం వైపు రావద్దు." ఈ కాగితాలు తెచ్చింది ముతైర్ తాతే గనక మధ్యలో ఎవరూ విప్పరు. ఆయనకి ఇందులో ఏముందో తెలుసు. తెలిసే తెస్తున్నాడు. నేను వద్దన్నా, "నేను సాక్షినిరా, తలారిని కాదు" అన్నాడు.

సువైలిమ్ జాడ తెలియలేదని మొదటి కాగితంలో రాశాను. నువ్వది అమ్మకి చదివేసి ఉంటావు. మళ్ళీ ఆమె దగ్గరికి వెళ్ళు. నీ కొడుకు అబద్ధం రాశాడత్తా అని చెప్పు. చిన్నోడు బతికే ఉన్నాడు. చిక్కిపోయాడు, మడమ మునుపటంత లోతు దిగడం లేదు. కానీ కుంటడం లేదు, దెబ్బలేమీ లేవు, నడక మారలేదు. ఇవన్నీ ఆ ఒక్క అడుగులో ఉన్నాయి, నేను కల్పించి చెప్పడం లేదు.

దీనితో మూడో కాగితం ఉంది. దాని మీద అక్షరాలు లేవు. తాత తాడు ముడులు పెట్టి కొలిచి, ఆ కాలు ఉన్నది ఉన్నట్టు గీశాను. అమ్మకి గీత కనపడదు గదా, అందుకని గీత పొడవునా సూదితో పొడిచాను, వేలికి గరుకుగా తగులుతుంది. రెండో కాగితం కాల్చు, దీన్ని కాల్చకు. అమ్మ చూపుడువేలు పట్టుకుని మడమ దగ్గర పెట్టి, మెల్లగా పైకి తిప్పు. చిటికెనవేలి దగ్గరికి వచ్చేసరికి ఆ వేలు దానంతటదే ఆగుతుంది. నువ్వేమీ చెప్పనక్కర్లేదు.

ఇట్లు,
నీ మేనత్త పెద్దకొడుకు, సువైలిమ్ అన్న,
ముసల్లం